బూడిదకు కిందా, పైనా

బి.కొత్తకోట,
ఆదివారం.

చిరంజీవి పాపకు,

మొన్న ఫోన్లో నువ్వు ఎత్తిన మాటకు అప్పటికప్పుడు ఏదో ఒకటి చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అందుకే ఈ ఉత్తరం. ఎం.ఎస్సీ. ప్రాజెక్టుగా మట్టిపొరల వయసు కట్టే పని ఏదైనా చేయాలని ఉందన్నావు. మన వైపు ఎటు చూసినా గుండ్లూ గుట్టలే కదా, వయసు కట్టే పెద్ద యంత్రాలు కూడా అందుబాటులో లేవు, సబ్జెక్టు మార్చుకోమంటావా అని అడిగావు. మార్చుకోవద్దు. ఎందుకు వద్దంటున్నానో కాస్త నిదానంగా చదువు.

మన నేల గురించి నువ్వన్నది నిజమే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ భూగర్భ జలాల పని మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం తిరిగినవాణ్ణి. బోరు వేస్తే నాలుగడుగుల ఎర్రమట్టి, కింద గరుసు, ఆ కింద రాయి. ఏనుగు మల్లమ్మ కొండ, అంటే నువ్వు హార్స్‌లీ హిల్స్ అనేది, దాని రాయికి 250 కోట్ల ఏళ్ళకు అటూ ఇటూ వయసుంటుంది. దాని మీదున్న మట్టి మాత్రం నిన్నా మొన్నటిది. మధ్యలో జరిగినదంతా కొట్టుకుపోయింది. మనది ఎత్తు మీదున్న సీమ కాబట్టి వాన వచ్చిన ప్రతిసారీ మట్టి దిగువకు పోతుందే కానీ ఇక్కడ నిలవదు. మన వంకల్లో 70 వేల ఏళ్ళనాటి పొరలు దొరుకుతాయని నీకు ఆశ పెట్టను.

కానీ ములకలచెరువు, కదిరి, పులివెందుల మీదుగా ఉత్తరానికి వెళ్తే, ఒక పగటి ప్రయాణంలో బనగానపల్లె చేరతావు. అక్కడికి దగ్గర్లోనే, యాగంటి ఉన్న మండలంలోనే, జ్వాలాపురం అనే ఊరుంది. ఇప్పుడది నంద్యాల జిల్లా. జుర్రేరు అనే చిన్న ఏరు పారే లోయ అది. రెండు పక్కలా సున్నపురాయి, క్వార్ట్‌జైటు కొండలు. ఆ లోయలో గుంత గోడ చూస్తే పైన ఎర్రమట్టి, కింద ఎర్రమట్టి, మధ్యలో తెల్లగా, బూడిదరంగుకు తిరుగుతూ, రెండున్నర మీటర్ల దాకా మందమున్న పొర. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉంటుంది. నాలుక కొసన పెట్టుకుంటే పళ్ళకింద సన్నగా కరకరమంటుంది. అది ఆ లోయ మట్టి కాదు. ఇండోనేషియాలోని సుమత్రా దీవి నుంచి, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో వచ్చి పడిన అగ్నిపర్వతపు బూడిద.

దాని పుట్టిల్లు తోబా. ఇప్పుడక్కడ ఒక సరస్సు ఉంది, 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పు. ఆ సరస్సే అగ్నిపర్వతపు నోరు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట అది పేలినప్పుడు బయటికి వచ్చిన శిలాద్రవం 2,800 ఘన కిలోమీటర్లని పాత అంచనా, అంతకంటే ఎక్కువేనని తరువాతి లెక్కలు. గత 20 లక్షల ఏళ్ళలో భూమి మీద ఇంతకు మించిన పేలుడు లేదు. 1815లో తంబోరా పేలినప్పుడు మరుసటి ఏడాది ఐరోపాలో వేసవి రాలేదంటారు చూడు, ఆ తంబోరా దీనిముందు లెక్కలోకి రాదు. తోబా బూడిద బంగాళాఖాతం అడుగునా, అరేబియా సముద్రం అడుగునా, మధ్యప్రదేశ్‌లోని సోన్ లోయలోనూ దొరికింది. సోన్ లోయలో బయటపడినట్టు 1980ల మొదట్లో రాశారు. ఆ తరువాతనే మన దేశపు నదీలోయల్లో మిగతావాళ్ళు వెతకడం మొదలెట్టారు.

ఇప్పుడు నీ సబ్జెక్టులోకి వస్తాను. ఏటి మేట పేరుకోవడానికి వందల ఏళ్ళు పడుతుంది, వేలూ పట్టొచ్చు. ఒక ఊళ్ళో ఒక మీటరు మేట, పక్క ఊళ్ళో ఒక మీటరు మేట ఒకే కాలానివని చెప్పడానికి ఏ ఆధారమూ ఉండదు. బూడిద అలా కాదు. పేలుడు జరిగిన కొద్ది రోజుల్లో, మహా అయితే కొద్ది వారాల్లో, వేల కిలోమీటర్ల మేర ఒకేసారి రాలుతుంది. సముద్రం అడుగునా, సరస్సులోనా, బనగానపల్లె పొలంలోనా అదే బూడిద కనబడితే ఆ మూడు చోట్లా ఒకే క్షణం నీ చేతికి చిక్కినట్టే. ఒక్క చోట దాని వయసు గట్టిగా తేలితే మిగతా అన్ని చోట్లా అదే వయసు. నీకు యంత్రం లేకపోయినా పని ఆగదని నేననేది అందుకే. వయసును వేరెవరో ఇదివరకే కట్టి పెట్టారు. నీ దగ్గరున్నది ఆ బూడిదే అని రుజువు చేయడం నీ వంతు.

ఈ పద్ధతికి శాస్త్రంగా రూపమిచ్చినవాడు ఐస్‌లాండ్‌కు చెందిన సిగుర్దుర్ థోరారిన్సన్. 1944లో వచ్చిన తన పరిశోధనలో బూడిద పొరలతో కాలం కట్టే పనికి 'టెఫ్రోక్రొనాలజీ' అని పేరు పెట్టాడు. హెక్లా అగ్నిపర్వతం 1104లో పేలినప్పుడు బూడిద కింద పడి పాడైన పల్లెల్ని అతను తవ్వి చూశాడు. ఐస్‌లాండ్‌లోనే ఇంకో పొర ఉంది. మొదట వలస వచ్చినవాళ్ళ ఇళ్ళు దాదాపు అన్నీ ఆ పొరకు పైనే ఉంటాయి. గ్రీన్‌లాండ్ మంచులో అదే బూడిద రేణువులు దొరికాయి. మంచు ఏటేటా పొరగా పడుతుంది కనుక లెక్కపెడితే 870ల నాటిదని తేలింది. ఆ దేశానికి మనుషులు ఎప్పుడొచ్చారన్నది అలా ఆ బూడిద పొరతో గట్టిపడింది.

చదివేటప్పుడు ఇదంతా సులువుగానే కనిపిస్తుంది. పొరపాట్లన్నీ పొలంలోనే జరుగుతాయి. నేను చెప్పదలచుకున్నదల్లా ఒక్కటే. బూడిద తన వయసు మాత్రమే చెబుతుంది. దాని కిందా పైనా ఉన్నవాటి వయసు నువ్వు కళ్ళతో, చేతులతో, ఓపికతో సంపాదించుకోవాలి.

మొదట, అది బూడిదేనా? బనగానపల్లె చుట్టూ సున్నపురాయే. తెల్లగా మెత్తగా కనిపించిందల్లా బూడిద కాదు. చిన్న సీసాలో పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం తీసుకెళ్ళు. ఒక చుక్క వేస్తే బుసబుసా పొంగిందంటే అది సున్నం. పొంగకపోతే ఇంకో పరీక్ష ఉంది. చిటికెడు పొడిని నీళ్ళలో కడిగి, గాజుపలక మీద పరిచి, మీ ల్యాబులోని పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద పెట్టు. క్వార్ట్జ్ పలుకులు ఉంటే, రెండు పోలరాయిడ్లు అడ్డంగా పెట్టి పళ్ళెం తిప్పినప్పుడు అవి ఒకసారి వెలుగుతాయి, ఒకసారి ఆరతాయి. గాజు ఎంత తిప్పినా నల్లగానే ఉంటుంది. ఒక పోలరాయిడ్ తీసేసి చూస్తే అవే రేణువులు రంగు లేకుండా, పలచగా, వంపు తిరిగిన పెంకుల్లా కనిపిస్తాయి. కొన్ని ఇంగ్లీషు వై అక్షరంలా మూడు కొమ్మలుగా ఉంటాయి. కరిగిన రాయిలో పొంగిన వాయుబుడగల గోడలవి. బుడగలు పగిలాక మిగిలిన గోడ ముక్కలే గాలిలో ఎగిరి ఇంతదూరం వచ్చాయి. వాటిని ఒక్కసారి నీ కళ్ళతో చూశావంటే ఇక జీవితంలో మరి దేనితోనూ పొరబడవు. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, మీ ల్యాబులో ఉన్నదే చాలు.

అది బూడిదేనని తేలాక, ఎవరి బూడిద అన్నది రెండో ప్రశ్న. ఇక్కడ మాత్రం రేణువు రసాయనం కొలిచే ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ కావాలి. తోబా గాజులో సిలికా 77 శాతం దాకా ఉంటుంది, పొటాషియం బాగా ఉంటుంది. దానితోపాటు వచ్చే బయోటైటు పలుకుల్లోని ఇనుము పాళ్ళు కూడా గుర్తు పట్టడానికి పనికొస్తాయి. అయితే తోబా పేలింది ఒక్కసారి కాదు. సుమారు 8 లక్షల ఏళ్ళ కిందట ఒకసారి, 5 లక్షల ఏళ్ళ కిందట ఒకసారి కూడా పెద్దగా పేలింది. ఒకే కొండ కడుపులోంచి వచ్చినవి కాబట్టి ఆ బూడిదలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. 'తోబా' అన్నంత మాత్రాన 74 వేల ఏళ్ళనాటి 'చిన్న తోబా' అయిపోదు.

మహారాష్ట్రలో కుకడి నది ఒడ్డున బోరీ అనే ఊరుంది, పుణె జిల్లా. అక్కడ బూడిద పొరతోపాటు ఆదిమ శిలాయుగపు చేతిగొడ్డళ్ళు దొరికాయి. మొదట పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో కొలిచి ఆ బూడిద దాదాపు 14 లక్షల ఏళ్ళదన్నారు. తరువాత మళ్ళీ కొలిస్తే 6.7 లక్షల ఏళ్ళు వచ్చింది. 1998లో గాజు రసాయనం పోల్చి చూసినవాళ్ళు మన దేశంలో దొరికిన తోబా బూడిదంతా 75 వేల ఏళ్ళదేనన్నారు. అటు తరువాత కూడా బోరీది పాతదేనని వాదించినవాళ్ళున్నారు. ఒక్క పొరకు ఇన్ని వయసులు! దాన్ని బట్టి ఆ గొడ్డళ్ళ వయసు, దాన్ని బట్టి మన దేశంలో మనిషి అడుగుపెట్టిన కాలం, అన్నీ ఊగిపోయాయి. రాయి కరిగి ఉన్నప్పుడు అందులోని ఆర్గాన్ వాయువు బయటికి పోతుంది, చల్లబడి స్ఫటికం కట్టాక లోపల పుట్టిన ఆర్గాన్ అందులోనే ఉండిపోతుంది. ఎంత చేరిందో కొలిస్తే వయసు తెలుస్తుంది. కానీ ఏరు కడిగి తెచ్చిన బూడిదలో చుట్టుపక్కల పాత రాతి పలుకులు నాలుగు కలిశాయనుకో, వాటిలో కోట్ల ఏళ్ళుగా చేరిన ఆర్గాన్ లెక్కనంతా పాతకాలానికి లాగేస్తుంది. అలాంటప్పుడు యంత్రం తప్పు చెప్పినట్టు కాదు. దానికి ఇచ్చిన మట్టి శుభ్రమైనది కాదు.

తూర్పు ఆఫ్రికాలోనూ ఇలాంటిదే జరిగింది. కెన్యాలో తుర్కానా సరస్సు దగ్గర కేబీఎస్ అనే బూడిద పొరకు మొదట 26 లక్షల ఏళ్ళన్నారు. దాని కిందే 1972లో పేరుమోసిన ఆదిమానవుడి పుర్రె దొరికింది. పక్క దేశంలోని అదే రకం పంది శిలాజాలతో పోల్చి చూసినవాళ్ళకు ఆ వయసు పొసగలేదు. చాలా వాదం నడిచాక ఆ పొర 19 లక్షల ఏళ్ళ లోపుదేనని తేలింది. పంది పళ్ళు భౌతికశాస్త్రాన్ని సరిదిద్దాయి. నీ ప్రాజెక్టులో ఎంత గొప్ప ల్యాబు నుంచి సంఖ్య వచ్చినా సరే, పొలంలో చూసినదానితో అది పొసగకపోతే నోరు విప్పి అడగాలి.

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, అందరూ తొందరపడేది ఇక్కడే. ఆ బూడిద అక్కడే రాలిందా, వేరేచోట రాలి అక్కడికి కొట్టుకొచ్చిందా? తోబా బూడిద మన దేశం మీద పడింది కొన్ని సెంటీమీటర్ల మందమే. మరి జ్వాలాపురంలో రెండున్నర మీటర్లు ఎలా వచ్చింది? కొండవాలు మీద పడినదంతా వానలకు జారి, లోయలో నీళ్ళు నిలిచిన పల్లంలోకి చేరింది. అడుగున ఉన్న పలచని పొర నేరుగా గాలిలోంచి రాలింది. దానిపైన ఉన్నదంతా కడిగి తెచ్చింది. గోడ దగ్గర కూర్చుని చూస్తే తేడా తెలుస్తుంది. రాలిన బూడిదకు అడుగున గీత గీసినట్టు అంచు ఉంటుంది, రేణువులు ఒకే తీరుగా, వేరే మట్టి లేకుండా శుభ్రంగా ఉంటాయి. కొట్టుకొచ్చిన బూడిదలో నీటి అలల గుర్తులుంటాయి, ఎర్రమట్టి గడ్డలు ఇరుక్కుని ఉంటాయి, వేళ్ళు పోయిన దారులుంటాయి, పురుగులు తొలిచిన బొక్కలుంటాయి.

ఈ తేడాకు ఇంత ప్రాముఖ్యం ఎందుకో నీకు నువ్వే లెక్క వేసుకో. బూడిద నేరుగా రాలి ఉంటే దాని కింద ఉన్నదంతా 74 వేల ఏళ్ళ కంటే ముందుది, పైన ఉన్నదంతా తరువాతిది. రెండు వైపులా హద్దు దొరికింది. అదే బూడిద కొన్ని వేల ఏళ్ళు కొండ మీద నిలిచి తరువాత ఏట్లోకి వచ్చి చేరిందనుకో. అప్పుడు దాని కింద ఉన్న మట్టి కూడా పేలుడు తరువాత పేరుకున్నది కావచ్చు. కింద దొరికిన రాతి పనిముట్టు 74 వేల ఏళ్ళ కంటే పాతదని చెప్పే హక్కు నీకు ఉండదు. పైన ఉన్నది పేలుడు తరువాతిదన్న సగం మాటే మిగులుతుంది. పుస్తకాల్లో ఈ వాక్యం చిన్నదిగా ఉంటుంది. పొలంలో ఇదే ప్రాణం.

పులివెందుల మీదుగా వెళ్తావు కదా, ఆ దారిలోనే దీనికి జత అయిన ఉదాహరణ ఒకటుంది. కడప సున్నపురాళ్ళ మీది తాడిపత్రి పొరల్లోకి శిలాద్రవం అడ్డంగా చొరబడి నల్లరాతి పలకగా గట్టిపడింది. దాన్ని పులివెందుల సిల్ అంటారు. దాని వయసు యురేనియం-సీసం పద్ధతిలో సుమారు 188 కోట్ల 50 లక్షల ఏళ్ళని తేలింది. అది పొరల మధ్యనే ఉన్నా పై నుంచి రాలినది కాదు, లోపలికి దూరినది. కాబట్టి దాని కిందా పైనా ఉన్న పొరలు రెండూ దానికంటే ముందువే. బూడిద పొరా, సిల్లూ రోడ్డు కోతలో ఒకేలా అడ్డగీతలాగే కనిపిస్తాయి. చెప్పే సాక్ష్యం మాత్రం పూర్తిగా వేరు. దారిలో దిగి పై అంచునూ కింది అంచునూ చూడు. సిల్ అయితే రెండు వైపులా రాయి వేడికి కాలి ఉంటుంది.

జ్వాలాపురానికి అంత పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు చెబుతాను. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్, వాళ్ళ బృందం అక్కడ తవ్వి, 2007లో 'సైన్స్' పత్రికలో వివరాలు ప్రకటించారు. బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పైనా దొరికాయి. రెండూ మధ్య పాతరాతియుగం తీరువే, ఒకదానికొకటి బాగా దగ్గరి పోలిక. బూడిద కింది మట్టిలో గీతలు పడిన ఎర్ర కావిరాయి ముక్క కూడా ఒకటి దొరికింది. ఎవరో దాన్ని దేనికో రాసి వాడారు. తోబా పేలుడుతో భూమి చీకటై, చలి కమ్మి, మనిషి జాతి దాదాపు అంతరించిందని 1990లలో ఒక సిద్ధాంతం బాగా నడిచింది. అంత ప్రళయం వచ్చి ఉంటే జుర్రేరు లోయలో అదే తీరు పనిముట్లు మళ్ళీ ఎలా వచ్చాయని ఈ తవ్వకం అడిగింది. మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోని ధాబా దగ్గర కూడా పేలుడుకు ముందూ తరువాతా పనిముట్ల తీరు తెగిపోకుండా సాగిందని 2020లో ప్రకటించారు.

ఈ కథ గొప్పదే. కానీ రాసేటప్పుడు దాని హద్దు దాటకు. ఆ బూడిద కింద మనిషి ఎముక దొరకలేదు. పనిముట్టు చేసింది మనలాంటి మనిషా, ఇంకో జాతి మనిషా అన్నది రాయిని చూసి చెప్పలేం. మన జాతి ఇక్కడికి గత 60 వేల ఏళ్ళలోనే వచ్చిందని 2013లో పాల్ మెల్లర్స్ వాళ్ళు గట్టిగా వాదించారు. బంగాళాఖాతపు మేటల్లోని పుప్పొడి చూసినవాళ్ళు, తోబా తరువాత మన దేశంలో అడవులు తగ్గాయన్నారు. నా మటుకు నేను జ్వాలాపురం సాక్ష్యాన్ని నమ్ముతాను, ప్రళయం కథను నమ్మను. అయినా 'మానవుడు తోబాను తట్టుకున్నాడు' అని నువ్వు రాయొద్దు. 'పనిముట్లు చేసినవాళ్ళు ఈ లోయలో పేలుడుకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు' అని రాయి. గుంత గోడ చెప్పింది అంతే.

అంకెల మాట ఒకటి. జ్వాలాపురంలో మట్టి రేణువులు చివరిసారి ఎండ చూసింది ఎప్పుడో కొలిచే ఓఎస్‌ఎల్ పద్ధతి వాడారు. బూడిద కింది మట్టికి 77 వేల ఏళ్ళు, 6 వేలు అటూ ఇటూ. పై మట్టికి 74 వేలు, 7 వేలు అటూ ఇటూ. ఆ రెండింటినే చూస్తే ఏది ముందో ఏది వెనకో కూడా తేల్చలేవు, ఒకదాని హద్దుల్లో ఇంకొకటి ఉంది. రేడియోకార్బన్ అయితే 50 వేల ఏళ్ళకే ఆగిపోతుంది. మధ్యలో ఉన్న బూడిదకు మాత్రం ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతిలో 2012లో వచ్చిన వయసు 73,880 ఏళ్ళు, 320 అటూ ఇటూ. 2014లో మరొకరు కొలిస్తే 75,000, 900 అటూ ఇటూ. ఈ రెండు అంకెల మధ్య ఇంకా తేడా ఉన్నా, ఓఎస్‌ఎల్‌తో పోలిస్తే ఎంత సన్నని గీతో చూడు. బూడిద పొర లేకపోతే జ్వాలాపురం 'సుమారు 70, 80 వేల ఏళ్ళనాటి' చోటుగా మిగిలిపోయేది. దానికి ఒక ముందూ, ఒక తరువాతా ఏర్పడింది ఆ తెల్ల పొరవల్లే.

కంటికి కనిపించేంత మందం లేకపోయినా ఫరవాలేదు. ఆఫ్రికాలో మలావి సరస్సు అడుగు మేటల్లో తోబా గాజు రేణువులు దొరికినట్టు 2013లో ప్రకటించారు. దక్షిణాఫ్రికా తీరంలోని పినకిల్ పాయింట్ దగ్గరైతే, మనుషులు నివసించిన చోట మట్టిలో గ్రాముకు ఒకటీ అరా రేణువుల లెక్కన వెతికి పట్టుకున్నారు. దీనికి చేసే పని పెద్ద రహస్యమేమీ కాదు. మట్టిని సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ఎడంతో నమూనాలుగా తీస్తారు. ఆమ్లంతో సున్నం తీసేసి, సన్నని జల్లెళ్ళలో వడకట్టి, బరువైన ద్రవంలో తేల్చి గాజును వేరు చేస్తారు. క్వార్ట్జ్ కంటే గాజు తేలిక కాబట్టి పైకి వస్తుంది. తరువాత మైక్రోస్కోపు కింద కూర్చుని ఒక్కొక్క రేణువూ లెక్కపెడతారు. ఏ లోతులో రేణువులు మొదటిసారి ఒక్కసారిగా పెరిగాయో అదే బూడిద రాలిన మట్టం.

నీ ప్రాజెక్టు ఇదే కావాలని నా కోరిక. కుందూ, పెన్నా పరీవాహకంలో జుర్రేరు లాంటి చిన్న ఏర్లు ఎన్నో ఉన్నాయి. బూడిద కళ్ళకు కనిపించే చోటు తెలుసు. కనిపించని చోట్ల ఒక్క మంచి కోత ఎంచుకుని, దాని ఎత్తంతా నమూనాలు తీసి, గాజు రేణువులు లెక్కపెట్టు. దొరికితే మంచిది. దొరకకపోయినా ఫలానా కోతలో ఇంత ఎడంతో వెతికాం, లేవు అన్న మాట కూడా తరువాత వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. మైక్రోప్రోబ్ పని చివర్లో, పది పదిహేను రేణువులకు మాత్రం, సౌకర్యం ఉన్న సంస్థను మీ గైడు ద్వారా అడిగి చేయించుకోవచ్చు.

పొలంలో పని తీరు నీకు కొంత తెలుసు, అయినా చెబుతాను. గోడను తాపీతో పై నుంచి కిందికి గీకి శుభ్రం చేయి, కింది నుంచి పైకి గీకితే పాత మట్టి కొత్త మట్టిలో కలుస్తుంది. నమూనాలు మాత్రం అడుగు నుంచి మొదలుపెట్టి పైకి తీయి, రాలే మట్టి కింది నమూనాలో పడకుండా ఉంటుంది. ప్రతి సంచీ మీదా లోతుతోపాటు ఏ వైపు పైకో బాణం గుర్తు వేయి. తాపీని ఒక్కో నమూనాకూ తుడువు. పక్క పొలంలో రైతు చెనిక్కాయలు పెరుక్కుంటూ ఉంటే ముందు వెళ్ళి పలకరించు, ఏం చేస్తున్నావో చెప్పు. ఆ నేలలో ఏ లోతులో ఏముందో బావి తవ్వినవాళ్ళకు మనకంటే బాగా తెలుసు. రాతి పనిముట్టు కనిపిస్తే జేబులో వేసుకోవద్దు. ఉన్నచోటే ఫోటో తీసి, లోతు రాసుకుని, పురావస్తు శాఖకు తెలిపే పద్ధతి మీ గైడును అడుగు. పొర నుంచి విడిపోయిన పనిముట్టు ఉత్త రాయే.

అక్కడే ఊరికి దగ్గర్లో రాతి పంచ ఒకటుంది, దాదాపు 35 వేల ఏళ్ళనాటి చిన్న చిన్న రాతి పనిముట్లూ, పూసలూ బయటపడిన చోటు. వీలు చేసుకుని చూడు. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలు కూడా దూరం కాదు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వించిన గుహలవి. ఈ జిల్లాలో మట్టిని చదివే పని నిన్న మొదలైంది కాదని తెలుస్తుంది.

ఇంకొక్క సంగతి, నన్ను చాలాకాలంగా బాధపెడుతున్నది. జ్వాలాపురం బూడిదను గిన్నెలు తోమే పొడి తయారీకి తవ్వి అమ్ముతూ వచ్చారు. గరుకుగా, సన్నగా ఉంటుంది కాబట్టి దానికి గిరాకీ ఉంది. తవ్వేవాళ్ళను నేను తప్పు పట్టను, వానల మీద ఆధారపడిన సీమలో కూలి దొరికే పని ఎవరు వదులుకుంటారు? పైగా ఆ తవ్వకాల గుంతలవల్లే లోపలి పొరలు బయటి ప్రపంచానికి కనిపించాయి. కానీ బూడిద పోయిన చోట కింది మట్టీ పై మట్టీ కలిసిపోతాయి. 74 వేల ఏళ్ళు కదలకుండా ఉన్న హద్దు ఒక్క ట్రాక్టరు లోడుతో చెరిగిపోతుంది. దాన్ని మళ్ళీ పేర్చలేం. ఇటువంటి లోయను రక్షిత ప్రాంతంగా కంచె వేసి కాపాడి, అక్కడి కుటుంబాలకు వేరే పని చూపించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అంతవరకు మిగిలిన గోడల్ని కొలిచి, బొమ్మ గీసి, నమోదు చేసే బాధ్యత నీలాంటి విద్యార్థులది. తెలుగు విశ్వవిద్యాలయాల నుంచి ఏడాదికి ఇద్దరు పిల్లలు ఈ పనికి పూనుకున్నా పదేళ్ళలో ఆ లోయకు పూర్తి పటం తయారవుతుంది. ధార్వాడ నుంచీ ఆక్స్‌ఫర్డ్ నుంచీ వచ్చి చేసిన పనికి మన పిల్లలు కొనసాగింపు ఇవ్వాలని నాకు గట్టిగా ఉంది.

సంక్రాంతి సెలవులు అయ్యాక, ఎండలు ముదరకముందే వెళ్ళు. అప్పటికి పొలాల్లో కోతలు అయిపోయి ఉంటాయి, గుంతల్లో నీళ్ళూ తగ్గి ఉంటాయి. ఒంటరిగా వెళ్ళొద్దు, తోటి విద్యార్థులు ఇద్దరినైనా తీసుకెళ్ళు. యాగంటిలో బస దొరుకుతుంది. మీ గైడు సంతకంతో గ్రామ సచివాలయానికి ముందే ఒక ఉత్తరం పంపు. మొదటి రోజు ఏమీ తవ్వకు, నమూనా తీయకు. గోడ ముందు కూర్చుని ప్రతి పొరనూ స్కేలు ప్రకారం గ్రాఫు కాగితం మీద గీయి. బూడిద అడుగు అంచు ఎక్కడ గీతలా ఉందో, ఎక్కడ చెదిరిందో, ఎక్కడ ఎర్రమట్టి కలిసిందో విడివిడిగా రాయి. ఆ కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపు. అది చూశాక ఏ నమూనా ఎక్కడ తీయాలో ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

పెద్దమ్మ నిన్ను అడిగినట్టు రాయమంది. మీ నాయనకు ఈ ఉత్తరం చూపించు.

ఇట్లు,
నీ పెద్దనాయన.